పాత బండ్ల ఇగ్నిషన్ కాయిల్‌కు ప్లగ్గు వైరు మార్చడం: వైరు కాయిల్‌లోనే అచ్చుపోసి ఉంటే ఏం చేయాలి?

గోదావరి_ఆరెక్స్ (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. నా దగ్గర 1993 నాటి యమహా ఆర్‌ఎక్స్ 100 ఉంది. వేసవి అంతా చక్కగా నడిచిన బండి, వానలు మొదలైనప్పటి నుంచి ఉదయంపూట మిస్ కొడుతోంది. నెమ్మదిగా వెళ్తున్నంతసేపూ బాగానే ఉంటుంది గానీ, రేజ్ ఒక్కసారిగా పెంచితే ఇంజన్ తడబడుతుంది. ప్లగ్గు కొత్తదే, కార్బురేటర్ కూడా విప్పి శుభ్రం చేయించాను. ప్లగ్గు వైరును చూస్తే బాగా గట్టిపడిపోయింది, వంచినప్పుడు పైపొర మీద సన్నని పగుళ్లు కనిపిస్తున్నాయి. షాపులో చూపిస్తే సీడీఐ యూనిట్టు (కాయిల్‌కు కరెంటు పంపే ఎలక్ట్రానిక్ పెట్టె), కాయిల్ (ఆ కరెంటును వేల వోల్టులకు పెంచి ప్లగ్గుకు పంపేది) రెండూ మార్చాలని చెప్పారు. బండితో వచ్చిన అసలు కాయిల్‌ను వదులుకోవడం నాకు ఇష్టం లేదు. వైరు ఒక్కటే మార్చుదామంటే అది కాయిల్ ప్లాస్టిక్ లోపలికి నేరుగా వెళ్లిపోయింది, విప్పడానికి నట్టూ లేదు, మూతా లేదు. ఇలాంటి కాయిల్‌కు వైరు మార్చిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

ఖమ్మం_మెకానిక్

నమస్కారమండీ. సీడీఐ జోలికి ఇప్పుడే వెళ్లకండి. తేమ ఉన్నప్పుడు మిస్ కొట్టి, ఎండెక్కాక సర్దుకునే బండిలో ముందు అనుమానించవలసింది వైరునూ, దాని చివరనున్న ప్లగ్ క్యాప్‌నూ. ఆ క్యాప్‌ను లాగకండి. దాని లోపల మర సీల లాంటి మొన ఉంటుంది, అది వైరులోని రాగి పోగుల మధ్యకు దిగి ఉంటుంది. వైరును ఒక చేత్తో కదలకుండా పట్టుకుని క్యాప్‌ను ఎడమవైపుకు తిప్పితే ఊడి వస్తుంది. ఊడిన తర్వాత రాగి కొసను చూడండి. పచ్చగా చిలుము పట్టి ఉంటే సగం జబ్బు అక్కడే ఉన్నట్టు లెక్క. చివర 5 లేక 6 మి.మీ. మేర వైరును అడ్డంగా, వాలు లేకుండా కోసేస్తే లోపలి నుంచి మెరిసే రాగి కనిపిస్తుంది. ఆ కొసకే క్యాప్‌ను కుడివైపుకు తిప్పి బిగించి, మెల్లగా లాగి చూడండి. రాకపోతే పట్టు కుదిరినట్టే.

క్యాప్‌ను విడిగా మల్టీమీటర్‌తో కొలవండి. రెసిస్టర్ ఉన్న క్యాప్ అయితే సాధారణంగా 5 కిలో ఓమ్‌ల దగ్గర చూపిస్తుంది. ఇరవై, ముప్పై కిలో ఓమ్‌లు చూపించినా, కదిపినప్పుడు అంకె ఎగిరి పడుతున్నా ఆ క్యాప్ పనికిరాదు. చాలా బండ్లు ఈ ఒక్క పనితోనే బాగుపడి, వైరు మార్చే అవసరమే రాదు.

రివైండింగ్_తెనాలి

పై సభ్యులు చెప్పింది సరైన మొదటి మెట్టు. అయితే మన మిత్రుడి వైరుకు పైపొర మీదే పగుళ్లు ఉన్నాయంటున్నారు కాబట్టి, కొస కోసినంత మాత్రాన అది నిలవదని నా అభిప్రాయం. మోటార్లు, కాయిల్స్ చుట్టే పనిలో చాలాకాలంగా ఉన్నవాడిని గనుక కొంచెం వివరంగా రాస్తాను.

మల్టీమీటర్ కొద్ది వోల్టులతో మాత్రమే కొలుస్తుంది. వైరులో రాగి తెగిందా లేదా అన్నది అది చెప్పగలదు గానీ, పైపొర ఎక్కడ కారుతోందో చెప్పలేదు. ప్లగ్గు వైరులో నడిచేది పది, ఇరవై వేల వోల్టుల ఒత్తిడి. కంటికి సరిగా ఆనని పగులులో తేమ చేరితే చాలు, కరెంటు ప్లగ్గుదాకా పోకుండా దగ్గరలో ఉన్న ఫ్రేముకో, సిలిండర్ హెడ్డుకో దూకేస్తుంది. రేజ్ పెంచినప్పుడే తడబడటానికి కారణమూ ఇదే. థ్రాటిల్ తెరిస్తే సిలిండర్‌లోకి గాలి, పెట్రోలు ఎక్కువగా చేరి లోపలి పీడనం పెరుగుతుంది. పీడనం పెరిగిన చోట నిప్పురవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. అంత వోల్టేజీ వచ్చేసరికి ప్లగ్గు గ్యాపు కంటే వైరు పగులే దానికి సులువైన దారి అవుతుంది. ప్లగ్గును బయటకు తీసి హెడ్డుకు ఆనించి కిక్కు కొట్టినప్పుడు రవ్వ బాగానే కనిపించి, లోపల మాత్రం సరిగా మండకపోవడం అందుకే.

చీకటి పడ్డాక ఇంజన్‌ను స్టార్ట్ చేసి, మొక్కలకు నీళ్లు చిమ్మే స్ప్రే సీసాతో వైరు పొడవునా సన్నని తుంపర కొట్టి చూడండి. కారుతున్న చోట నీలిరంగు మెరుపులు కనిపిస్తాయి, చిటపటమన్న చప్పుడు కూడా వినిపిస్తుంది. ఆ సమయంలో వైరును చేత్తో పట్టుకోకూడదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు ఈ పనికి దూరంగా ఉండాలి. ట్యాంకు మూత బిగించి ఉందో లేదో, పెట్రోలు ఎక్కడైనా కారుతోందో ముందే చూసుకోవాలి.

ఇంకొక మాట. వైరు కొసను గాలిలో వదిలేసి కిక్కు కొట్టకండి. రవ్వకు దారి దొరక్కపోతే ఆ ఒత్తిడి అంతా కాయిల్ లోపలి వైండింగ్ మీద పడుతుంది, సన్నని తీగ మీది వార్నిష్ అక్కడే చిట్లుతుంది. పరీక్ష చేసేటప్పుడు ప్లగ్గు ఎప్పుడూ క్యాప్‌లోనే ఉండి, దాని లోహపు భాగం ఇంజన్‌కు ఆని ఉండాలి. అయితే తెరిచి ఉన్న ప్లగ్గు రంధ్రానికి దగ్గరగా మాత్రం పెట్టకండి, అక్కడి నుంచి పెట్రోలు ఆవిరి వస్తుంటుంది.

బుల్లెట్_వరంగల్

పాయింట్లు (కాయిల్‌కు వెళ్లే కరెంటును కలిపి తెంచే చిన్న స్విచ్చు) ఉన్న పాత బుల్లెట్ 350 వాడుతున్నవారికి ఈ బాధ చాలా తక్కువ. లూకాస్-టీవీఎస్ వారి గుండ్రటి డబ్బా కాయిల్‌లో వైరు నడిమి గూటిలోకి దూరుతుంది తప్ప అచ్చులో కలిసిపోయి ఉండదు. పైనున్న రబ్బరు తొడుగు జరిపి పాత వైరు తీసి, కొత్తది పెట్టుకోవడమే. అయినా మావాళ్లు ఇక్కడా రెండు పొరపాట్లు చేస్తుంటారు. రబ్బరు తొడుగును ముందుగా వైరుకు ఎక్కించకుండా ఇత్తడి కొసను నొక్కేసి, తర్వాత తొడుగు పట్టక దాన్ని బయటే వదిలేస్తారు. వాననీళ్లు నేరుగా గూటిలోకి దిగుతాయి. రెండోది, వైరు మారుస్తూ కాయిల్ మీది రెండు చిన్న వైర్లను తారుమారు చేస్తారు. బండి అప్పటికీ స్టార్ట్ అవుతుంది కాబట్టి తప్పు తెలియదు. కానీ ప్లగ్గు నడిమి ఎలక్ట్రోడు ఎప్పుడూ వేడిగా ఉంటుంది, వేడిగా ఉన్న కొస నుంచి ఎలక్ట్రాన్లు సులువుగా బయలుదేరుతాయి. ధ్రువాలు తిరగబడితే అవి చల్లని కొస నుంచి బయలుదేరవలసి వచ్చి, అదే గ్యాపు దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావలసి వస్తుంది. నెగటివ్ ఎర్త్ ఉన్న, అంటే బ్యాటరీ మైనస్ కొస ఫ్రేముకు కలిపి ఉన్న బండిలో ప్లస్ గుర్తు ఉన్న కొస ఇగ్నిషన్ స్విచ్చికీ, మైనస్ గుర్తు ఉన్న కొస పాయింట్లకీ వెళ్లాలి. పాజిటివ్ ఎర్త్ ఉన్న పాత బ్రిటిష్ బండ్లలో ఇది తలకిందులుగా ఉంటుంది.

నాదొక ప్రశ్న. కార్ల విడిభాగాల దుకాణాల్లో దొరికే లావు 8 మి.మీ. వైరు ఇంకా మంచిదని అంటున్నారు. దాన్ని వాడవచ్చా?

ఖమ్మం_మెకానిక్

లావును బట్టి కాదండీ, లోపలి నరం ఏమిటన్నది చూడాలి. కార్ల వైర్లలో చాలావాటికి రాగి ఉండదు, కార్బన్ పట్టించిన నూలు పోగు ఉంటుంది. రేడియోలో గరగర రాకుండా చేయడానికి ఆ ఏర్పాటు. మన బండ్ల క్యాప్‌లోని మర మొన ఆ పోగులోకి దిగితే దాన్ని చీల్చేస్తుంది, కొద్ది రోజుల్లో అక్కడ మాడి సందు ఏర్పడుతుంది. మర మొన ఉన్న క్యాప్‌కు రాగి పోగుల వైరే వాడాలి. మందం 7 మి.మీ. సరిపోతుంది. కాయిల్ గూడు, క్యాప్ రబ్బరు అన్నీ ఆ కొలతకే చేసి ఉంటాయి. 8 మి.మీ. వైరును బలవంతంగా తోస్తే రబ్బరు చిట్లుతుంది.

యెజ్డీ_అనంతపురం

మైసూరులో తయారైన యెజ్డీ 250 నాది, 6 వోల్టుల బండి. ఇలాంటి బండ్లలో వైరు విషయం 12 వోల్టుల బండ్ల కంటే సున్నితమైనది. బ్యాటరీ కాస్త నీరసించినా కాయిల్‌కు అందే శక్తి తగ్గిపోతుంది కాబట్టి, దారిలో పోయే ప్రతి వోల్టూ లెక్కలోకి వస్తుంది. అందుకని రెసిస్టర్ ఉన్న క్యాప్‌ను పెట్టి, దానికి తోడు రెసిస్టర్ ఉన్న ప్లగ్గును కూడా బిగించకండి. ఎన్‌జీకే ప్లగ్గుల పేరులో ‘ఆర్’ అక్షరం ఉంటే లోపల రెసిస్టర్ ఉన్నట్టు, ఉదాహరణకు బీ8ఈఎస్‌లో లేదు, బీఆర్8ఈఎస్‌లో ఉంది. రెండింటిలో ఏదో ఒకటి చాలు.

ఇక ఇంటి కరెంటు వైరుకు టేపు చుట్టి ప్లగ్గు వైరుగా వాడిన బండ్లను మా ప్రాంతంలో ఇప్పటికీ చూస్తుంటాను. ఆ వైరు పైపొర కొన్ని వందల వోల్టులకు తగ్గట్టుగా తయారైనది. ఎన్ని చుట్లు టేపు చుట్టినా వేల వోల్టులను అది ఆపలేదు. రైడరు మోకాలికి షాకు కొట్టేది ఇలాంటి బండ్లలోనే. దారి మధ్యలో ఆగిపోయినప్పుడు కూడా దయచేసి ఈ పద్ధతికి వెళ్లకండి.

గోదావరి_ఆరెక్స్ (రాజమహేంద్రవరం)

అందరికీ కృతజ్ఞతలు. చెప్పినట్టే చేసి చూశాను. క్యాప్ విప్పితే రాగి పచ్చబడి ఉంది. కొస కోశాను, అయినా లోపలి రాగి నల్లగానే ఉంది. క్యాప్ 5 కిలో ఓమ్‌ల దగ్గరే చూపించింది. రాత్రి తుంపర కొట్టినప్పుడు ట్యాంకు కింద, వైరు ఫ్రేముకు రాసుకునే చోట నీలి మెరుపు స్పష్టంగా కనిపించింది. కాయిల్‌కు దగ్గరలో మాత్రం ఏమీ లేదు. కాబట్టి తప్పు వైరుదేనని తేలింది. ఇప్పుడు దాన్ని ఎక్కడ కోయాలి, ఎలా కలపాలి?

ఖమ్మం_మెకానిక్

నేనైతే వైరును కాయిల్ ముఖం దాకా కోసేసి, లోపల మిగిలిన ముక్కను 6 మి.మీ. డ్రిల్ బిట్టుతో, మెషిన్ లేకుండా చేత్తోనే తిప్పుతూ తొలిచేస్తాను. అడుగున లోహపు మొన కనిపించగానే ఆపి, కొత్త వైరు కొసను ఆ మొనకు గుచ్చి, చుట్టూ ఎపాక్సీ పోసి ఒక రోజు కదపకుండా ఉంచుతాను. బయట ఎక్కడా అతుకు ఉండదు, చూడటానికి కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంటుంది.

రివైండింగ్_తెనాలి

మీ చేతివాటం మీద నాకు గౌరవం ఉంది గానీ, ఈ సలహాను అందరికీ ఇవ్వడాన్ని ఒప్పుకోలేను. అచ్చుపోసిన కాయిల్స్ అన్నింటిలోనూ అడుగున మొన ఉండదు. కొన్నింటిలో సెకండరీ (కాయిల్‌లో ఎక్కువ వోల్టేజీ వచ్చే వైండింగ్) తీగ చివర, అంటే తల వెంట్రుకంత సన్నని తీగ, నేరుగా వైరు రాగికే టంకం వేసి ఉంటుంది. లోపల ఏ అమరిక ఉందో పైకి చూసి చెప్పలేం. బిట్టు ఒక్క మిల్లీమీటరు ఎక్కువ దిగినా ఆ తీగ తెగుతుంది, తెగిన తర్వాత ఆ కాయిల్‌ను అచ్చు పగలగొట్టకుండా ఎవరూ బాగు చేయలేరు. ఎలాగూ చెడిపోయిన కాయిల్ మీద, పోయేదేమీ లేనప్పుడు మాత్రమే తొలవడం న్యాయం. మిత్రుడి కాయిల్ ఆరోగ్యంగా ఉంది, కాయిల్ మొదట్లో వైరు కూడా కారడం లేదు. అలాంటప్పుడు మొదట్లో నాలుగైదు సెంటీమీటర్ల ముక్కను వదిలి, అక్కడ అతుకు వేయడమే క్షేమం.

అతుకు ఎలా వేయాలన్నదే అసలు విషయం. రెండు వైపులా మర మొనలు ఉన్న జాయినర్లు విడిభాగాల దుకాణాల్లో దొరుకుతాయి. ఒక మొన పాత ముక్క రాగిలోకి, రెండోది కొత్త వైరులోకి దిగుతుంది. పాత ముక్కను కోసినప్పుడు రాగి నల్లగా ఉంటే, మెరుపు కనిపించేదాకా కొంచెం కొంచెంగా వెనక్కి కోయండి. జాయినర్‌ను తిప్పేటప్పుడు కాయిల్ వైపు ముక్కను వేళ్లతో గట్టిగా పట్టుకోవాలి, లేకపోతే ఆ మెలి కాయిల్ లోపలి అతుకు మీద పడుతుంది. టంకం వేస్తే ఇంకా గట్టిగా ఉంటుందని కొందరు అంటారు. టంకం రాగి పోగుల్లోకి పీల్చుకుని వాటిని బిరుసుగా చేస్తుంది. బండి అదురుకు ఆ బిరుసు ముగిసే చోటే పోగులు ఒక్కొక్కటిగా తెగుతాయి. అందుకే నేను మర మొననే నమ్ముతాను.

లోహం లోహానికి తగిలితే పని అయిపోలేదు. ఇంత వోల్టేజీ అతుకు మీది పొరల మధ్య సందు వెంట పాకుతూ బయటకు వస్తుంది. కాబట్టి అతుకు మీది తొడుగు ఎంత పొడవుగా, లోపల గాలి లేకుండా ఉంటే అంత మంచిది. వైరు మీద బిగుతుగా కూర్చునే సిలికాన్ గొట్టాన్ని అతుక్కు అటూ ఇటూ కనీసం 3 సెం.మీ. చొప్పున వచ్చేలా తీసుకుని, జాయినర్ బిగించే ముందే ఒక వైపు వైరుకు ఎక్కించి పెట్టుకోండి. బిగించాక వైరు పైపొర మీద సిలికాన్ గ్రీజు పల్చగా రాసి, గొట్టాన్ని అతుకు మీదికి జరపండి. గ్రీజు రాగి మీద అవసరం లేదు, రబ్బరు మీద చాలు. కొందరు అతుకు చుట్టూ అద్దాలకు పూసే సిలికాన్ సీలెంట్ పూస్తారు. వెనిగర్ వాసన వచ్చే రకమైతే అది ఆరేటప్పుడు ఆమ్లాన్ని వదిలి రాగిని తినేస్తుంది. నల్ల టేపు ఒక్కటే చుట్టడమైతే మన వేసవి ఎండకు జిగురు కరిగి, మొదటి వానకే జారిపోతుంది.

ఒకటి మరిచిపోకండి. ఆర్‌ఎక్స్ 100 కాయిల్‌కు వచ్చే నారింజరంగు వైరు ఒక్కటే, రెండో కొస కాయిల్‌ను బిగించే ఇనుప పట్టీ ద్వారా ఫ్రేముకు ఎర్త్ అవుతుంది. ఆ బోల్టుల కింద తుప్పో, కొత్తగా వేయించిన రంగో ఉంటే ఎంత మంచి వైరు వేసినా రవ్వ బలంగా రాదు. ట్యాంకు ఎలాగూ దించుతారు కాబట్టి ఆ చోటును ఎమెరీ కాగితంతో రుద్ది, మెరిసే లోహం మీద బిగించండి. వైరు ఇంతకుముందు ఫ్రేముకు రాసుకున్న చోట ఈసారి దాన్ని కాస్త ఎడంగా నడిపించండి. సిలికాన్ పైపొర ఉన్న వైరు వేడిని బాగా ఓర్చుకుంటుంది గానీ మెత్తనిది, ఒరిపిడికి త్వరగా అరుగుతుంది.

గోదావరి_ఆరెక్స్ (రాజమహేంద్రవరం)

విజయవాడ ఆటోనగర్‌లో రాగి పోగుల వైరు, జాయినర్ రెండూ దొరికాయి. తెనాలి మిత్రులు చెప్పిన పద్ధతిలోనే అతికాను. కాయిల్ బోల్టుల కింద నిజంగానే రంగు పొర ఉంది, అది కూడా గీకాను. తుంపర కొట్టి చూస్తే ఎక్కడా మెరుపు లేదు, వానలో కూడా రేజ్ తడబడకుండా అందుకుంటోంది. సీడీఐ పాతదే ఉంది.

డాలస్_హోండా

ఈ చర్చ నాకు సరైన సమయంలో కంటపడింది. నేను అమెరికాలో 1976 నాటి హోండా సీబీ 550ని మళ్లీ రోడ్డెక్కించే ప్రయత్నంలో ఉన్నాను. నాలుగు సిలిండర్లకు రెండు కాయిల్స్, ఒక్కొక్క కాయిల్ నుంచి రెండేసి వైర్లు, అన్నీ అచ్చుపోసినవే. ఒకటి, నాలుగు సిలిండర్లకు ఒక కాయిల్. రెండు, మూడు సిలిండర్లకు ఇంకొకటి. నాలుగో సిలిండర్ మాత్రమే తేమలో ఆగుతోంది, దాని జత అయిన ఒకటో సిలిండర్ బాగానే మండుతోంది. తప్పు కాయిల్‌దైతే రెండూ ఆగాలి కదా? అలాగే, వైర్లు వేరుచేయగల డైనా కంపెనీ 3 ఓమ్‌ల కాయిల్స్ ఇక్కడ దొరుకుతున్నాయి. వాటికి మారడం మేలా, లేక ఉన్నవాటికే అతుకులు వేయడం మేలా?

రివైండింగ్_తెనాలి

మీ ఊహ సరైనదే. ఆ కాయిల్‌లో సెకండరీ రెండు కొసలూ రెండు ప్లగ్గులకు వెళ్తాయి. కరెంటు ఒక ప్లగ్గు దాటి, సిలిండర్ హెడ్డు గుండా రెండో ప్లగ్గుకు చేరి, మళ్లీ కాయిల్‌కు వస్తుంది. నాలుగో వైరు ఫ్రేముకు కారినప్పుడు ఆ ప్లగ్గు ఒక్కటే ఆగుతుంది, ఎందుకంటే వలయం ఫ్రేము ద్వారా పూర్తయి ఒకటో ప్లగ్గులో రవ్వ వస్తూనే ఉంటుంది. అదే వైరు లోపల రాగి పెద్ద సందుతో తెగి ఉంటే రెండు సిలిండర్లూ కలిసి నీరసిస్తాయి. కాబట్టి మీ నాలుగో వైరు పైపొరనూ, క్యాప్‌నూ చూడండి. ఈ కాయిల్‌ను కొలిచేటప్పుడు క్యాప్‌లు విప్పి, ఒక వైరు కొస నుంచి రెండో వైరు కొసకు కొలవాలి. వైరు నుంచి ఎర్త్‌కు కొలిస్తే ఏమీ చూపించదు, దాన్ని చూసి కాయిల్ పోయిందని పారేసినవారు ఉన్నారు.

ఖమ్మం_మెకానిక్

3 ఓమ్‌ల కాయిల్ గురించి ఒక లెక్క చెబుతాను. 12 వోల్టుల దగ్గర 3 ఓమ్‌ల కాయిల్ 4 ఆంపియర్లు లాగుతుంది. ప్రైమరీ (బ్యాటరీ కరెంటు వెళ్లే వైండింగ్) 5 ఓమ్‌ల దగ్గర ఉన్న కాయిల్ అయితే సుమారు 2.4 ఆంపియర్లే లాగుతుంది. మీ బండిలో ఇంకా పాయింట్లే ఉంటే ఆ తేడా అంతా వాటి ముఖాల మీదే పడుతుంది, త్వరగా గుంతలు పడతాయి. నాలుగు సిలిండర్ల పాత హోండాల ఛార్జింగ్ అంత బలమైనది కాదు కాబట్టి, ట్రాఫిక్‌లో ఎక్కువగా ఆగే బండి అయితే బ్యాటరీ కూడా దిగుతుంది. మీ కాయిల్స్ ప్రైమరీ, సెకండరీ రెండూ మాన్యువల్‌లో ఇచ్చిన కొలతలో ఉంటే, నాలుగు వైర్లనూ ఒకేసారి అతికి అసలు కాయిల్స్‌నే ఉంచండి. ఇక్కడ నేను కూడా తొలవమని చెప్పను, రెండేసి వైర్లున్న కాయిల్‌లో ఒక గూడు చెడితే రెండు సిలిండర్లు పోతాయి.

డాలస్_హోండా

ధన్యవాదాలు. కొస నుంచి కొసకు కొలిస్తే రెండు కాయిల్స్‌లోనూ అంకెలు దగ్గరదగ్గరగా ఉన్నాయి, మాన్యువల్ కొలతకూ సరిపోయాయి. నాలుగో క్యాప్ మాత్రం మీటర్‌లో అసలు కదలిక చూపించలేదు, దాని రబ్బరు కూడా లోపలి వైపు చీలి ఉంది. నాలుగు వైర్లకూ జాయినర్లు, 5 కిలో ఓమ్‌ల క్యాప్‌లు, రెసిస్టర్ లేని ప్లగ్గులు తెప్పిస్తున్నాను. అతుకులన్నీ ట్యాంకు కింద ఒకే వరుసలో పడుతున్నాయి. వాటిని ఒకదానికొకటి ఆనించి కట్టవచ్చా?

రివైండింగ్_తెనాలి

కట్టకండి. ఒక్కొక్క వైరును వేరే పొడవు దగ్గర కోస్తే అతుకులు పక్కపక్కన పడవు. అప్పుడు క్లిప్పులతో ఎడంగా పట్టి ఉంచవచ్చు. ఒకటో, నాలుగో వైర్లకు వాటి నంబర్లను కోయకముందే చీటీ కట్టి రాసుకోండి. ఆ రెండూ తమలో తాము మారినా బండి నడుస్తుంది గానీ, రెండో కాయిల్ వైర్లతో కలిసిపోతే స్టార్ట్ కాదు, లేదా సైలెన్సర్‌లో పేలుతుంది.